భూమికి కొలతలు తీసిన టైలరు

టైలరు భార్య ఇప్పుడు బట్టలు సాయంత్రం ఆరేస్తోంది. పొద్దువాలాక ఆరేసిన బట్ట తెల్లారినా తడివాసన వదలదని ఆమెకు తెలియక కాదు. తొమ్మిదేళ్లపాటు, వాన పడితే తప్ప, పొద్దున పావుతక్కువ పదికి బకెట్టు పట్టుకుని డాబా ఎక్కడమే ఆమె అలవాటు. ఆమె మెట్ల మీద అడుగు పెట్టగానే ముందుగది కొట్లో కుట్టుమిషను చప్పుడు ఆగేది. ఆ వెనకే ఆయన, మెడలో ఇంచిటేపు వేలాడుతుండగా, రెండు గ్లాసుల టీ ఒలక్కుండా పట్టుకుని ఇరవై రెండు మెట్లూ ఎక్కి వచ్చేవాడు. ఆమె దులిపి ఆరేస్తుంటే ఆయన క్లిప్పులు అందించేవాడు. సగం బట్టలు తీగె మీద పడేసరికి తూర్పున బేకరీ పొగగొట్టం పైనుంచి విమానం వచ్చేది. అది ఎంత ఎత్తునంటే, ముందు తెల్లటి గీత కనిపించేది, ఆ తర్వాత గీత మొదట్లో మెరిసే చుక్క కనిపించేది, తల మీదికొచ్చి దాటాక గానీ చప్పుడు వినపడేది కాదు.

"అదిగోనే, మీ అక్క బండి!" అనేవాడాయన.

ఆమె తడిచెయ్యి పైకెత్తి ఊపేది. పక్క డాబాల వాళ్లు చూసి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. నవ్వితే వాళ్ల పళ్లే గాలికి ఆరుతాయి.

ఆయన పోయి మూడు నెలలైంది. ఆ వేళకి ఇప్పుడామె వంటింటి కిటికీ మూసుకుని కూర్చుంటోంది. చప్పుడేమన్నా కిటికీని అడిగి వస్తుందా? పావుతక్కువ పదికి నెత్తిమీదుగా దొర్లుకుంటూ పోతుంది. అప్పుడామెకు ఒకే మాట గుర్తొస్తుంది. ఎవరో అన్న మాట కాదు, తన నోటితో తాను అన్నదే. "పది నిమిషాలే కదండీ, ఎక్కండి."

ఆ మాట కథేమిటో చెప్పాలంటే ఆయన కథ చెప్పాలి.

టైలరు ఏడో తరగతితో బడి మానేసి, మేనమామ కొట్లో కాజాలు కుట్టడానికి కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నలభై రెండేళ్లు అదే వీధిలో ఉండిపోయాడు. మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు గానీ కొలతలు గుర్తుండేవి. "నడుం నలభై నాలుగాయన వచ్చాడు, టీ పెట్టు" అనేవాడు. "పాపం, ఎడమభుజం పల్లం ఆవిడకి జ్వరమట" అనేవాడు. పెళ్లైన కొత్తలో టేపు పట్టకుండానే భార్యకు రవిక కుట్టి ఇచ్చాడు. అతికినట్టు సరిపోయింది. "ఎప్పుడు కొలిచారు?" అని ఆమె సిగ్గుపడుతూ అడిగితే, "నిన్న నువ్వు గుమ్మంలో నిలబడ్డావు కదా. గుమ్మం కొలత నాకు తెలుసు. మిగిలిన గాలి తీసేశాను" అన్నాడు.

కత్తిరించేదీ మిషను మీద కుట్టేదీ ఆయన. ముగింపు పని ఆమెది. గుండీలు, హుక్కులు, అంచు మడతలు, చివర్లు ముడివేసి కత్తిరించడం. వేలాడే దారం కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. అది ఎవరి చొక్కా అయినా సరే, బస్సులో ముందు సీటాయనదైనా సరే. "నీ చెయ్యి పడందే నా పని పూర్తయినట్టు కాదు" అనేవాడాయన. ఆమె చదివింది ఐదో తరగతి. పొగడ్త అంటే ఏమిటో తెలియడానికి అంతకన్నా చదువు అక్కర్లేదు.

తొమ్మిదేళ్ల కిందట ఆమె అక్కకు దూరదేశంలో, ఒక పెద్ద నగరంలో ఉద్యోగం దొరికింది. వయసు మళ్లినవాళ్లని చూసుకునే ఆశ్రమంలో పని. టిక్కెట్టు పట్టుకుని చెల్లెలి ఇంటికొచ్చింది. "పెద్ద విమానాశ్రమం..." అని టైలరు నోరు జారితే "విమానాశ్రయం, మరిదీ. ఆశ్రమానికి తర్వాత పోతాను" అని నవ్వింది. ఆ విమానాశ్రయం వీళ్ల ఊరికి తూర్పున పన్నెండు గంటల బస్సు ప్రయాణం. టిక్కెట్టు ముగ్గురూ చుట్టూ చేరి చూశారు. బయల్దేరేది పొద్దున ఎనిమిదీ ముప్పావుకి. చేరేది అదే రోజు పావుతక్కువ పన్నెండుకి.

"మూడు గంటలే! దీనికేనా అక్కా ఇంత ఏడ్చావు? నీ విమానం కన్నా మా బస్సే నయం, పన్నెండు గంటలు కూర్చోబెడుతుంది" అంది చెల్లెలు.

"పదమూడు గంటలే పిచ్చిమొహమా. అక్కడి గడియారాలు మనకన్నా పది గంటలు వెనక."

టైలరు టిక్కెట్టు చేతిలోకి తీసుకున్నాడు, ఖరీదైన గుడ్డని తడిమినట్టు వేళ్లతో తడిమాడు. "వదినా, అంటే నువ్వు పదమూడు గంటలు కూర్చుంటావు, గోడమీది గడియారం మూడు గంటలే నడుస్తుంది. మిగతా పది గంటలూ ఎక్కడ రాలిపోతాయి?"

"దిగాక వెతికి ఫోన్ చేస్తాలే."

మర్నాడే ఆయన ఒక బడి పాత సామాన్ల అమ్మకంలో ప్రపంచపటం కొనుక్కొచ్చి, ఇస్త్రీబల్ల పైన గోడకు కొట్టాడు. రెండు నగరాలకూ గుండుసూదులు గుచ్చాడు. చెక్కస్కేలు పెట్టి సుద్దతో గీత గీశాడు. గీత సరిగ్గా వీళ్ల ఊరి మీదుగా పోయింది! ఆయన భార్యని కేకేశాడు. ఆమె పిండిచేతులతోనే పరుగెత్తుకొచ్చి చూసింది. పొద్దున పావుతక్కువ పదికి డాబా మీదుగా పోయే విమానం అదే. ఎనిమిదీ ముప్పావుకి బయల్దేరినది గంటలో ఇక్కడికొస్తుంది. లెక్క అతికినట్టు సరిపోయింది. ఇంత పెద్ద ప్రపంచంలో, ఆకాశంలో పోయే దారి, తమ నీళ్లట్యాంకు మీదుగానా!

ఆ వారంలో ఆయన ఒక గుడ్డ కుట్టాడు. బేకరీ ముందు కట్టే పందిరిగుడ్డలో మిగిలిన పసుప్పచ్చ ముక్కలు నాలుగు కలిపి, డాబా అంతా పరుచుకునేంత. అక్క ఎక్కిన విమానం వచ్చే రోజున దాన్ని పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. ఇద్దరూ పక్కన నిలబడి చేతులు ఊపారు.

అక్క చేరగానే ఫోన్ చేసింది. చెల్లెలు 'బాగున్నావా' అనలేదు. "కనబడిందా?" అంది.

అవతల ఒక్క క్షణం ఆగి, "ఆఁ, కనబడింది కనబడింది. గోరంత. పసుప్పచ్చగా" అంది అక్క.

ఆ మాట మీద ఇద్దరూ ఒక నెల బతికారు.

టైలరును మాత్రం ఒక లెక్క కుదురుగా ఉండనివ్వలేదు. పటం కింద ఇంత గీతకి ఇన్ని కిలోమీటర్లని రాసి ఉంది. టేపు పెట్టి కొలిస్తే రెండు నగరాల మధ్య పదహారువేల ఆరువందలు తేలింది. విమానం గంటకు తొమ్మిదివందలు పోతుందని అక్క చెప్పింది. భాగిస్తే పద్దెనిమిదిన్నర గంటలు. టిక్కెట్టు మీద పదమూడే.

"ఐదున్నర గంటల తేడా! చొక్కాగుడ్డలో ఇంత తేడా వస్తే కస్టమరు నన్ను వీధిలో నిలబెట్టి తన్నేవాడు" అని తల పట్టుకునేవాడు. టేపు సాగిపోయిందేమోనని కొత్త టేపు కొన్నాడు. కొత్తదీ అదే చెప్పింది. విమానం నడిపేవాడికి ఇంటికెళ్లే తొందర అనుకుందామన్నా, రోజూ ఒకడే నడపడు కదా. మూడేళ్ల తర్వాత అక్క సెలవు మీద వచ్చి వెళ్లింది. మళ్లీ పసుప్పచ్చ గుడ్డ, మళ్లీ "కనబడింది." మళ్లీ పదమూడు గంటలే.

ఆ తర్వాత కొన్నాళ్లకి బేకరీ ఆయన చొక్కాకు కొలతలివ్వడానికి వచ్చాడు. బేకరీ ఆయన మనిషి మంచివాడు, బొజ్జ ఇంకా మంచిది. మనిషికన్నా అరగంట ముందు గుమ్మంలోకి వస్తుందని టైలరు భార్య అనేది.

"కిందటిసారి కన్నా తగ్గానా టైలరూ?"

"తగ్గారు. ఎత్తు."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వేసరికి, రెండు పక్కలా టైలరు వేళ్లతో నొక్కి పట్టుకున్న టేపు బొడ్డు మీంచి పైకి జారి వదులైపోయింది. టైలరు దాన్ని బిగించి చూశాడు. కిందికి తెచ్చి మళ్లీ చూశాడు. వేళ్లు పెట్టినచోటే ఉన్నాయి. బొడ్డు మీదుగా ఇరవై ఎనిమిది, పైనుంచి ఇరవై నాలుగు. గట్టిగా లాగితే టేపు తనంతట తానే పైకి జారి దగ్గరదారి వెతుక్కుంటోంది.

"దొరికాయి! ఐదున్నర గంటలూ ఇక్కడే ఉన్నాయి!" అని అరిచాడు.

"నా బొజ్జలోనా?" అన్నాడు బేకరీ ఆయన బెదిరిపోయి.

గుండీల డబ్బా పట్టుకుని అప్పుడే వచ్చిన భార్య వైపు తిరిగి, "భూమికి కూడా బొజ్జ ఉందే!" అన్నాడు టైలరు. ఆమె నవ్వింది. "ఎక్కడ దొరికాయో నాకూ చెప్పండి" అంటే, "ఉత్తమాట కాదు, కుట్టి చూపిస్తా" అన్నాడు. ఆ వారమే గోడమీది పటం సున్నం వేయాలని తీసేశాడు. సున్నం పడ్డాక మళ్లీ తగిలించలేదు. పనుల్లో పడి ఆమె ఆ సంగతే మర్చిపోయింది. డాబా మాత్రం మానలేదు. టీ మానలేదు. మరో మూడేళ్లకి అక్క వచ్చి వెళ్తే గుడ్డా మానలేదు.

అక్క నాలుగోసారి వచ్చి వెళ్లింది మూడు నెలల కిందట. ముందురోజు బస్సెక్కించి వచ్చారు. పొద్దున గుడ్డ తీస్తుంటే టైలరు కుర్చీలోంచి లేవకుండా, "ఈసారికి వద్దులేవే. మెట్లంటే ఆయాసంగా ఉంది" అన్నాడు.

"అక్క కిందికి చూస్తే డాబా బోసిగా ఉండదూ? పది నిమిషాలే కదండీ, ఎక్కండి" అంది ఆమె.

ఆయన ఆమెని ఒక్క క్షణం, గుమ్మంలో నిలబెట్టి కొలిచినట్టు చూశాడు. "సరే పద. మాట ఇచ్చాను కదా" అని నవ్వి, గుడ్డ భుజాన వేసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. పైన మూడు మూలలకే ఇటుకలు దొరికాయి. నాలుగో మూల గాలికి లేస్తుంటే, "ఇటుక నేనే" అని దాని మీద చతికిలపడి కూర్చున్నాడు. విమానం వచ్చింది. ఆమె చెయ్యి ఊపింది. అది నీళ్లట్యాంకు దాటింది. చప్పుడు వచ్చి వెళ్లిపోయింది. ఆమె టీ గ్లాసు అందిస్తే ఆయన అందుకోలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గుడ్డమూల ఆయన కింద కదలకుండా ఉంది.

అప్పటికి అక్క ఆకాశంలో ఉంది. ఇంకా పన్నెండు గంటలు ఆకాశంలోనే ఉంటుంది. ఇంట్లో మనుషులు చేరారు, ఏడ్చారు, చేయాల్సినవన్నీ చేశారు. పైన ఒక మనిషికి మాత్రం ఆ పన్నెండు గంటలూ మరిది బతికే ఉన్నాడు, మెడలో టేపుతో. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఏడుపు ఆగిపోయి నోరు తెరుచుకునేది. దూరమంటే ఇదా! ఒక మనిషి ఒకచోట పోయాక కూడా ఇంకోచోట ఇంకా పోకుండా ఉండడానికి సరిపోయేంత!

దిగగానే ఎప్పటిలాగే ఫోన్ చేసింది అక్క. గొంతు నిండా సంతోషం. "చేరానే. ముందు మరిదికి ఇవ్వు ఫోను, ఆయనకొకటి చెప్పాలి."

ఏం చెప్పాలనుకుందో అప్పుడు ఎవరడుగుతారు? ఆ తర్వాతా అడగలేదు.

కొట్లో సగంలో ఆగిపోయిన బట్టలు పదిహేడు. ఎదురింటి కుట్టుపనామె మిషను మీద కుట్టిపెడితే, టైలరు భార్య ఒక్కొక్కటే ముగింపు చేసి ఇచ్చేసింది. ఆయన మొదలుపెట్టిన ఏ పనీ సగంలో ఉండకూడదని పట్టుదల. మూడు నెలలకి ఒక్క బేకరీ ఆయన కోటు మిగిలింది. గుండీలు కుట్టి మడతపెట్టాక, అదే గుడ్డలో మిగిలిన ముక్క వెనక్కి ఇచ్చేద్దామని పై అరలో చెయ్యి పెట్టింది. చేతికి గుండ్రంగా ఏదో తగిలింది.

దించింది. పెద్ద గుమ్మడికాయంత ఉంది. గోడమీది పాత పటంలోనే చుట్టి ఉంది. పటం విప్పి ఆమె అలాగే నేలమీద కూలబడింది.

భూమి. గుడ్డతో కుట్టిన భూమి.

కోట్ల లోపల అస్తరుకు వాడే నీలం గుడ్డని దోసబద్దల్లా పన్నెండు కోసి, చివర్లు కలిపి కుట్టాడు. అది సముద్రం. దాని మీద నేలలు అతికించాడు. ఆ నేలలన్నీ ఆమెకు తెలిసినవే! ఈ గోధుమరంగు దేశం బేకరీ ఆయన కోటు. ఈ గళ్ల దేశం పోస్టుమాను చొక్కా. ఆ పక్క బూడిదరంగు, హెడ్మాస్టరు ప్యాంటు. ఈ చిన్న పూలదీవి తన పాత దిండుగలేబు. వీధిలో వాళ్లందరినీ కలిపి ప్రపంచం చేశాడు. నెత్తిన మంచుకి తెల్ల చేతిరుమాలు. లోపల కత్తిరింపు పీలికలు కూరాడు. పదకొండు కుట్లు పూర్తయ్యాయి. పన్నెండోది ముప్పావు దాకా వచ్చి ఆగింది. అక్కడ నీలం దారంతో సూది గుచ్చి ఉంది. తెరుచుకున్న నోట్లోంచి పీలికలు తొంగిచూస్తున్నాయి.

రెండు చొక్కాగుండీలు రెండు నగరాలు. వాటి మధ్య ఎర్రదారంతో పొడుగు కుట్లు. లెక్కపెట్టింది. పదమూడు. గంటకో కుట్టు! తమ ఊరు ఎక్కడుందో ఆమె ఎర్రదారం వెంట వెతికింది. లేదు. ఎర్రదారం మొదటి గుండీ దగ్గర్నుంచి పడమటికి పోనేలేదు. తిన్నగా ఉత్తరానికి, తెల్ల చేతిరుమాలు మీదికి ఎక్కి, అవతలి వైపు దిగింది. తమ ఊరు, పందిరిగుడ్డలోంచి లాగిన పసుప్పచ్చ దారపు చుక్క, ఎక్కడో పక్కన ఒంటరిగా ఉంది. ఎర్రదారంలో మొదటి కుట్టు ముగిసినచోటు నుంచి ఆ చుక్కదాకా సన్నటి పసుప్పచ్చ పోగు ఒకటి వేసి ఉంది. అదేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆయన టేపు తీసుకుంది. గుండీ నుంచి గుండీకి, పసుప్పచ్చ చుక్క మీదుగా పెట్టి బిగించింది. టేపు నిలవలేదు. పైకి జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. ఎంత బిగించినా అది చుక్కని వదిలేసి, పాకి పాకి పోయి ఎర్రదారం మీదే పడుకుంటోంది. పదిన్నర అంగుళాలు. గోడమీద తిన్నగా కనిపించిందల్లా వంకర, ఈ వంకర దారే తిన్నన! ఇంత సంగతి, ఏడో తరగతి చదివిన మనిషి, బేకరీ ఆయన బొజ్జ మీద చదివాడు!

ఆశ్చర్యం దిగాక, కింద దాక్కున్నది పైకొచ్చింది. అయితే తమ డాబా మీదుగా పోయేది అక్క విమానం కాదు. ఎన్నడూ కాదు. ఆయనకు తెలుసు. ఆలోచిస్తే ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ బొజ్జ రోజు తర్వాత ఆయన 'మీ అక్క బండి' అనడం మానేశాడు. "అదిగోనే, బండి" అనేవాడు. అంతే. అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. తెలిసి తెలిసి, ఎవరూ చూడని గుడ్డ కోసం, ఆయాసపడుతూ ఇరవై రెండు మెట్లు ఎక్కాడు. 'అది మీ అక్కది కాదే' అని ఒక్కమాట అంటే తను ఎక్కించేదా?

బేకరీ ఆయన కోటు కోసం వచ్చేసరికి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆయన కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, బల్లమీది గుండ్రటి దాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇదా! ఇదేనా అమ్మా ఆయన చేసింది? అందుకా నన్ను కనిపించినప్పుడల్లా 'ఒక్కసారి నిలబడండి' అని బొజ్జ మీద టేపు పెట్టేవాడు! ఇదేం చొక్కా కొలతయ్యా అంటే, 'మీరు బేకరీ ఆయన కాదు, ఉత్తరార్ధగోళం' అనేవాడు." నవ్వబోయి, గోధుమరంగు దేశం మీద వేలు పెట్టాడు. "ఇది నా కోటే కదూ?" అన్నాడు.

ఆ సాయంత్రం, అక్కకి పొద్దుటి వేళ అయ్యే సమయం చూసి, ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, నిజం చెప్పు. ఆ గుడ్డ నీకు ఎప్పుడైనా కనబడిందా?"

"ఇప్పుడెందుకే అది?"

"చెప్పు."

"మొదటిసారి నాకు కిటికీయే లేదే. ఇద్దరు లావుపాటి మగాళ్ల మధ్య ఇరుక్కున్నాను, చెరోవైపు నా భుజం మీద పడి గుర్రు పెట్టారు. కిటికీ కాదు కదా, నా కాళ్లే నాకు కనబడలేదు. నువ్వేమో 'కనబడిందా' అని అంత ఆశగా అడిగావు. కనబళ్లేదని ఏ నోటితో అనను?"

"ఆయనకి తెలుసా?"

"మూడోసారి వచ్చినప్పుడు నన్ను కొట్లో కూర్చోబెట్టి అడిగాడు. 'వదినా, దారిలో కింద ఏం కనిపిస్తుంది?' అని. మంచు అన్నాను. ఎంతసేపు అన్నాడు. గంటలకి గంటలు తెలుపే, మనిషి లేడు, చెట్టు లేదు అన్నాను. సూర్యుడు? అన్నాడు. పక్కకి దొర్లుతాడు గాని దిగడు, ఎక్కినప్పుడు ఏ పొద్దో దిగినప్పుడూ అదే పొద్దు అన్నాను. చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని విన్నాడే. తర్వాత, 'అయితే మీరు మా మీదుగా పోవడం లేదు' అన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె. "చెబితే నేను ఎక్కించేదాన్నా అక్కా? నేనే చంపుకున్నట్టు ఉంది."

"ఛ, నోర్ముయ్. విను. 'ఏళ్లుగా అది పైకి చూసి చెయ్యి ఊపుతోంది వదినా. ఉత్తమాటతో లాగేస్తే ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది. చేతికి ఇంకేదో ఇచ్చి అప్పుడు చెప్పాలి. కుట్టి, చేతిలో పెట్టి చెబుతా' అన్నాడు. కొట్టు పనులతో ఎక్కడ తెముల్తుంది? ఈసారి నేను బస్సెక్కేటప్పుడు కూడా, 'ఒక్క కుట్టుంది, నువ్వు దిగేసరికి చెప్పేస్తా' అన్నాడు. ఇంకోటి. గుడ్డ ఎవరికీ కనబడదు కదా, ఎందుకు పరుస్తావు మరిదీ అన్నాను ఆ మూడోసారే. ఏమన్నాడో తెలుసా? 'చోటు కలవకపోతేనేం, వేళ కలుస్తుంది కదా. పావుతక్కువ పదికి మేం డాబా మీద ఉంటాం. నువ్వు ఆ వేళకి ఎడమచేతి కిటికీలోంచి, కాస్త వెనక్కి చూడు. మధ్యలో భూమి వంపు అడ్డం ఉంటుంది, ఉండనీ. మేం అటే ఉంటాం' అన్నాడు."

టైలరు భార్య చూపు బల్లమీదికి పోయింది. మొదటి కుట్టు చివర, పావుతక్కువ పది. అక్కడి నుంచి తమ ఇంటి చుక్కదాకా, అంగుళం పొడుగు పసుప్పచ్చ పోగు.

"ఆరోజు దిగగానే మరిదికి ఇవ్వు ఫోను అన్నావు. ఏం చెబుదామని?" అంది మెల్లగా.

"ఎడమ కిటికీ దొరికిందని చెబుదామనే." అంది అక్క. "ఇన్నేళ్లకి మొదటిసారి దొరికింది. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. సరిగ్గా పావుతక్కువ పదికి వెనక్కి చూశాను. మబ్బులే ఉన్నాయి. అయినా చెయ్యి ఊపాను. పక్కనావిడ పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఊపుతూనే ఉన్నానే."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆ పసుప్పచ్చ పోగు మీద వేలు పెట్టింది. 'మాట ఇచ్చాను కదా' అని ఆయన ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. మెట్లెక్కమన్నది తనే, అది పోదు. అది ఎప్పటికీ ఉంటుంది. కాని ఎక్కింది ఊరికే కాదు. ఆ వేళకి అక్కడ ఉంటానన్న మనిషి ఉన్నాడు. ఆ నిమిషంలో, ఇక్కడ ఒక చెయ్యి, భూమి వంపుకి అవతల ఇంకో చెయ్యి, రెండూ లేచే ఉన్నాయి. మధ్యలో ఆయన నాలుగో మూల మీద కూర్చుని ఉన్నాడు.

మర్నాడు పొద్దున పావుతక్కువ పదికి ఆమె బకెట్టు తీసుకుని డాబా ఎక్కింది. ఒక గ్లాసు టీ తెచ్చుకుంది. సగం బట్టలు ఆరేసేసరికి బేకరీ పొగగొట్టం పైన గీత కనిపించింది. అక్కది కాదు. మరి ఎవరిది? ఎక్కడ బయల్దేరింది, ఎవరి ఇంటికి పోతోంది, కిటికీ పక్కన ఎవరు కూర్చున్నారు? తొమ్మిదేళ్లు చెయ్యి ఊపి, ఒక్కసారీ అడగలేదు. ఎన్ని వందలమంది, ఎన్నెన్ని గంటల దూరాలు, అందరూ తన ఆరేసిన దుప్పట్ల మీదుగా! ఆమె తడిచెయ్యి పైకెత్తింది. అది నీళ్లట్యాంకు దాటి, తిన్నగా కనిపించే ఆ వంకర దారిలో చిన్నదైపోయేదాకా దించలేదు.

కిందికొచ్చి కొట్లో లైటు వేసింది. భూమిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెరుచుకున్న నోట్లోంచి బయటికొచ్చిన పీలికల్ని వేలితో లోపలికి తోసింది. సూది గుచ్చుకోకుండా వేలికి టోపీ తొడుక్కుంది. నాలుగు అంగుళాల కుట్టు. ఆమె చేతికి రెండు నిమిషాల పని. సూదికి వేలాడుతున్న నీలం దారం ఫ్యాను గాలికి ఊగుతోంది.

'కుట్టి, చేతిలో పెట్టి చెబుతా' అన్న మనిషి ఆయన. కుట్టు మిగిలినంతకాలం ఆయన చెప్పాల్సిందీ మిగిలే ఉంటుంది.

ఆమె వేలిటోపీ తీసి డబ్బాలో వేసింది. భూమిని తీసుకెళ్లి ఆయన మిషను మీద, తెరిచిన వైపు కుర్చీకేసి ఉండేట్టు పెట్టింది.

"మీ పని మీరే చూసుకోండి" అని, కత్తెర కూడా పక్కన పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి కిటికీ తెరిచింది.